పెర్ల్ హార్బర్ దాడికి కారణం "చమురు" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చా?

ప్రశ్నలపుట్ట
గ్రూప్ 1 కి చదువుతున్నాను. మొన్న మా కోచింగ్ సెంటర్ మాక్ టెస్టులో "1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ నౌకా స్థావరం మీద జపాన్ దాడికి కారణాలు రాయండి" అని 10 మార్కుల ప్రశ్న వచ్చింది. మంచూరియా దగ్గర మొదలుపెట్టి చైనా యుద్ధం, ఇండోచైనా, నౌకాదళ ఒప్పందాలు అన్నీ కలిపి రెండు పేజీలు రాశాను. 3 మార్కులు వేసి పక్కన ఎర్ర సిరాతో "అమెరికా చమురు ఆపింది, అదొక్కటే కారణం. మిగతాదంతా ఉపోద్ఘాతం" అని రాసిచ్చారు.

మార్కులు పోతే పోయాయి, ఆ మాటే మింగుడు పడటం లేదు. చమురు ఆపినందుకే కొట్టారంటే మరి అమెరికా ఎందుకు ఆపినట్టు? జపాన్‌కి కావలసిన చమురు ఇప్పటి ఇండోనేషియాలో ఉంది, అప్పట్లో అది డచ్ వాళ్ళది. అది వదిలేసి చుక్క చమురు పుట్టని హవాయి మీదకి ఎందుకు పోయారు? రెండు వారాల నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ_కాజా
ఆ ఎర్ర సిరా వాక్యానికి 10కి ఎన్ని వేయొచ్చో ముందు ఆయన్నే అడగాల్సిందండీ.

లెక్కలమాస్టారు
ఆయన్ని పూర్తిగా తీసిపారేయకండి. లెక్క చూస్తే ఆయన మాటలో పస ఉంది. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. 1941 జూలై 26న అమెరికా తన దగ్గరున్న జపాన్ ఆస్తులన్నీ స్తంభింపజేసింది. ఆగస్టు 1న చమురు. బ్రిటన్, డచ్ వాళ్ళు కూడా తలుపులు మూశారు. జపాన్ నిల్వలు ఎంత పొదుపుగా వాడినా రెండేళ్ళకు మించి రావు, యుద్ధమైతే ఇంకా తక్కువ.

నౌకాదళం లంగరేసి ఊరికే కూర్చున్నా నూనె కరిగిపోతూనే ఉంటుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడుతుంటే, ఎదురింటివాడితో తగువుకి ఈ వారమే వెళ్ళాలా వచ్చే ఏడా అని ఎవరూ ఆలోచించరు. తిండి ఉన్నప్పుడే తేల్చుకుంటారు. ఆ ఆగస్టు 1 లేకపోతే డిసెంబర్ 7 లేదు. ఇది నా పక్కా అభిప్రాయం.

ఓరుగల్లు_పోరి
మాస్టారూ, బియ్యం డబ్బా ముచ్చట మంచిగనే ఉంది. గని దుకాణపాయన ఇచ్చుడు ఎందుకు బంద్ జేసిండో గది గూడ జెప్పాలె గద. ఊకనే బంద్ జెయ్యలే. 1931ల చైనాల ఉన్న మంచూరియా గుంజుకున్నరు. నానాజాతి సమితి తప్పు అన్నందుకు 1933ల లేశి బయటికొచ్చిండ్రు. 1937 జూలైల పెకింగ్ దగ్గర మార్కోపోలో వంతెన కాడ మొదలైన లొల్లి నిండు యుద్ధమైంది, ఆ డిసెంబర్ల నాన్‌జింగ్‌ల ఏం జేసిండ్రో అందరికీ ఎర్కే. 1940 సెప్టెంబర్ల ఉత్తర ఇండోచైనాకు దిగిండ్రు, అదే నెల 27న జర్మనీ, ఇటలీతోని ఒప్పందం. 1941 జూలైల దక్షిణ ఇండోచైనా.

ఆ ఆఖరు అడుగు పడ్డంకనే అమెరికా గట్టిగ బంద్ జేసింది. పదేండ్ల సంది జరిగినదాన్ని "ఉపోద్ఘాతం" అని ఎట్లంటరు?

ప్రశ్నలపుట్ట
ఓరుగల్లు_పోరి అక్కా, నా రెండు పేజీలు మీరు రెండు పేరాల్లో చెప్పేశారు. ఇలా రాసుంటే ఇంకో మార్కు పడేదేమో.

చరిత్రపిచ్చి
ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ మధ్యలో ఒక మెట్టు వదిలేశారు. అమెరికా ఒక్క రోజులో తలుపు మూయలేదు. 1939 జూలైలోనే పాత వాణిజ్య ఒప్పందం రద్దు చేస్తామని నోటీసు ఇచ్చింది. 1940లో విమానాల పెట్రోలు మీద ఆంక్షలు, ఆ సెప్టెంబర్‌లో తుక్కు ఇనుము. చమురు మాత్రం ఆపలేదు. ఎందుకంటే అది ఆపితే జపాన్ నేరుగా డచ్ దీవుల మీద పడుతుందని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి తెలుసు. ఆ మాట ఆయనే బాహాటంగా చెప్పారు కూడా.

1941 జూలైలో ఆస్తులు స్తంభింపజేసినప్పుడు కూడా ఆయన మనసులో ఉన్నది పూర్తి నిషేధం కాదని చాలామంది చరిత్రకారులు అంటారు. లైసెన్సులు పెట్టి కొంచెం కొంచెంగా వదులుదామని. తాడు చేతిలో ఉంటుంది, లాగాలంటే లాగొచ్చు. కానీ డబ్బు విడుదల చేయాల్సిన కమిటీలో విదేశాంగ శాఖ అధికారి డీన్ అచెసన్ ఉన్నారు. లైసెన్సు ఉన్నా, చెల్లించడానికి డబ్బు కదలనివ్వలేదు. రూజ్‌వెల్ట్ ఆగస్టులో చర్చిల్‌ని కలవడానికి న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళి వచ్చారు. సెప్టెంబర్‌కి చూసుకుంటే జపాన్‌కి ఒక్క చుక్క వెళ్ళలేదు. అప్పుడు వెనక్కి తగ్గితే బెదిరిపోయినట్టు ఉంటుంది. అలా సగం తలుపు వేద్దామనుకున్నది పూర్తిగా మూసుకుపోయింది. ఎంత పెద్ద సంగతి ఎంత చిన్న బల్ల మీద తేలిపోయిందో చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది నాకు.

లెక్కలమాస్టారు
చూశారా, మళ్ళీ చమురు దగ్గరికే వచ్చారు.

ఓరుగల్లు_పోరి
చమురు ఎప్పుడు బంద్ అయిందో జెప్పిండ్రు మాస్టారూ. అసలు లొల్లి ఎందుకైందో కాదు.

పాతనౌక
22 ఏళ్ళు నేవీలో చేసి విశాఖలో దిగినవాణ్ణి. రెండో ప్రశ్నకి నేను చెప్తాను. హవాయి ఎందుకు?

మ్యాపు ముందు పెట్టుకోండి. జపాన్ ఓడలు డచ్ దీవుల చమురు తెచ్చుకోవాలంటే దక్షిణానికి దిగాలి. ఆ దారిలో ఎడమ పక్కన ఫిలిప్పీన్స్, అది అమెరికా చేతిలో. కుడి పక్కన మలయా, సింగపూర్, బ్రిటన్ చేతిలో. ఇక దూరంగా తూర్పున హవాయిలో అమెరికా పసిఫిక్ నౌకాదళం. మీరు దక్షిణానికి మొహం పెట్టి పని చేసుకుంటుంటే పక్క డొక్కలో పొడవడానికి సిద్ధంగా ఉన్న కత్తి అది. డచ్ వాళ్ళని మాత్రమే కొడితే అమెరికా ఊరుకుంటుందా? ఊరుకోదని జపాన్ నౌకాదళం నమ్మింది. బ్రిటన్‌నీ అమెరికానీ విడదీసి చూడలేమన్నది వాళ్ళ లెక్క. ఎలాగూ అమెరికా దిగుతుందని ఖాయం చేసుకున్నాక, ముందే ఆ కత్తి విరిచేద్దామన్నాడు జపాన్ ఉమ్మడి నౌకాదళ అధిపతి యమమోటో.

ఇంకొకటి. ఆ నౌకాదళం ఎప్పుడూ హవాయిలో లేదు, కాలిఫోర్నియా తీరంలో ఉండేది. 1940 మేలో విన్యాసాలకు వచ్చాక అక్కడే ఉండిపొమ్మన్నారు, జపాన్‌ని భయపెట్టడానికి. అప్పటి అడ్మిరల్ రిచర్డ్‌సన్ గొడవ పెట్టుకున్నాడు. ఇక్కడ మరమ్మతులకు సరిపడా వసతి లేదు, మనుషులు చాలరు, ఇది భయపెట్టడం కాదు, ఓడల్ని ఎదర నిలబెట్టడం అని రూజ్‌వెల్ట్ మొహం మీదే చెప్పాడు. 1941 ఫిబ్రవరిలో ఆయన్ని తీసేసి కిమ్మెల్‌ని పెట్టారు. బెదిరించడానికి పెట్టిన నౌకాదళమే గురి అయి కూర్చుంది. ఓడ మీద పనిచేసినవాడిగా నాకు రిచర్డ్‌సన్ అంటే చాలా గౌరవం.

కాకినాడ_కాజా
పాతనౌక గారూ, డొక్కలో కత్తి పోలిక మా అబ్బాయికి చదివి వినిపించానండీ. ఏడో తరగతి. మొదటిసారి మ్యాపు పుస్తకం వాడంతట వాడు తీశాడు.

ఏలూరు_కుర్రాడు
యమమోటోకి అసలు అమెరికాతో యుద్ధమే ఇష్టం లేదంటారు కదా? మరి ఆయనే ప్లాన్ వేయడమేంటి?

చరిత్రపిచ్చి
ఇష్టం లేదు. హార్వర్డ్‌లో చదివాడు, వాషింగ్టన్‌లో నౌకాదళ ప్రతినిధిగా ఉన్నాడు, అమెరికా చమురు బావులూ ఫ్యాక్టరీలూ కళ్ళారా చూశాడు. జర్మనీతో ఒప్పందాన్ని వ్యతిరేకించినందుకు ఆయన్ని చంపేస్తారన్న భయంతో 1939లో సముద్రం మీదకి పంపేశారు. ఆరు నెలలో ఏడాదో దూసుకుపోగలను, ఆ తర్వాత సంగతి నాకు నమ్మకం లేదని ప్రధాని కొనోయేకి చెప్పాడు. కానీ ఎలాగూ చేయాల్సి వస్తే మొదటి దెబ్బే నడుం విరగ్గొట్టాలి అన్నది ఆయన పంతం. టోక్యోలో నౌకాదళ పెద్దలు ఒప్పుకోకపోతే రాజీనామా చేస్తానని బెదిరించి ఒప్పించాడు.

అందుకే నా మాట ఇది: యుద్ధం ఎందుకొచ్చిందన్నది వేరు, ఆ యుద్ధం పెర్ల్ హార్బర్‌తో ఎందుకు మొదలైందన్నది వేరు. రెండోదానికి ఒక మనిషి పంతం చాలా పెద్ద కారణం. ఆయన లేకపోతే పాత ప్లాన్ ప్రకారం తమ జలాల్లో కాచుకుని కూర్చునేవాళ్ళు.

డల్లాస్_బావ
"నిద్రపోతున్న రాక్షసుణ్ణి లేపాం" అన్నది కూడా ఆయనేగా?

చరిత్రపిచ్చి
అది సినిమాలో డైలాగు బావా. ఆయన అన్నట్టు గానీ రాసినట్టు గానీ ఆధారం దొరకలేదు. జవాబులో రాసేరు, జాగ్రత్త.

ప్రశ్నలపుట్ట
అమ్మో, నేను రాశాను! ఆ 3 మార్కులు దానికే వేశారేమో ఖర్మ.

సముద్రపుగాలి
టరాంటో సంగతి ఎవరూ ఎత్తలేదేటి? 1940 నవంబర్ 11 రాత్రి బ్రిటన్ వాళ్ళు ఇలస్ట్రియస్ అనే ఓడ నుంచి 21 పాత జంట రెక్కల విమానాలు పంపి ఇటలీ రేవులో మూడు యుద్ధనౌకల్ని పడగొట్టీసారు. రేవు లోతు తక్కువ, టార్పెడో వేస్తే బురదలో దిగిపోద్ది అని అంతా అనుకునీవారు. కాదని తేలిపోయింది. జపాన్ వాళ్ళు దాన్ని బాగా చదివారు. పెర్ల్ హార్బర్ లోతు ఓ 12 మీటర్లే. టార్పెడోలకి చెక్క రెక్కలు తగిలించి, కగోషిమా అఖాతంలో ఇళ్ళ కప్పుల మీదుగా ఎగిరి నెలల తరబడి సాధన చేశారు.

పాతనౌక
నిజం. దానికి ఇంకోటి కలపండి. షోకాకు, జుయికాకు అనే రెండు పెద్ద విమానవాహక నౌకలు 1941 ఆగస్టు, సెప్టెంబర్లలోనే జపాన్ చేతికొచ్చాయి. అకాగి, కాగా, సోర్యూ, హిర్యూలతో ఇవి కలిస్తేనే ఆరు. ఆరుంటేనే 350కి పైగా విమానాలు రెండు దఫాలుగా లేస్తాయి. కారణం ఎంత ఉన్నా చేతిలో కర్ర లేకపోతే దెబ్బ పడదు కదా. 1940లో ఇదే కోపం ఉన్నా ఇదే దాడి కుదిరేది కాదు.

లెక్కలమాస్టారు
ఇది నాకు కొత్త. ఒప్పుకుంటున్నాను. దీనికి నా లెక్క ఒకటి జోడిస్తాను. 1922 వాషింగ్టన్ ఒప్పందంలో అమెరికా, బ్రిటన్, జపాన్ పెద్ద ఓడల నిష్పత్తి 5:5:3. అంటే 60 శాతం. జపాన్ నౌకాదళం అడిగింది 70. ఆ పది శాతం వాళ్ళ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది, 1936 ఆఖరుకి ఒప్పందాల నుంచే బయటికొచ్చేశారు. 1940 జూలైలో అమెరికా రెండు మహాసముద్రాల నౌకాదళం చట్టం చేసింది. ఉన్న నౌకాదళాన్ని 70 శాతం పెంచే చట్టం. ఆ ఓడలన్నీ నీళ్ళలో దిగితే 1943, 44కి జపాన్ ఎందుకూ పనికిరాదు. 1941 చివర్లో మాత్రం పసిఫిక్‌లో జపాన్ బలం అమెరికాతో పోటీగానే ఉంది. ఇటు నూనె కరిగిపోతోంది, అటు ఎదుటివాడి ఓడలు పెరిగిపోతున్నాయి.

ఓరుగల్లు_పోరి
గిప్పుడు మాస్టారు దారికొచ్చిండ్రు. చమురొక్కటే కాదు అని మీ నోటితోనే అన్నరు.

నిప్పులేనిపొగ
ఇవన్నీ పైపై మాటలు. రూజ్‌వెల్ట్‌కి ముందే తెలుసు. జపాన్ కోడ్ పగలగొట్టారు. సరిగ్గా ఆ రోజే విమానవాహక నౌకలు ఒక్కటి కూడా రేవులో లేవు. జనాన్ని యుద్ధానికి ఒప్పించడానికి కావాలనే వదిలేశాడు. కారణం టోక్యోలో కాదు, వాషింగ్టన్‌లో వెతకండి.

చరిత్రపిచ్చి
పగలగొట్టింది పర్పుల్ అనే రాయబార కార్యాలయాల కోడ్. నౌకాదళం కోడ్ వేరు, అది అప్పటికి చదివే స్థితిలో లేరు. దాడి చేస్తున్న సంగతి జపాన్ రాయబారి నొమురాకే చెప్పలేదు, ఇక ఆయన టెలిగ్రాముల్లో ఏం దొరుకుతుంది? ఓడలు కురిల్ దీవుల్లోని హితోకప్పు అఖాతం నుంచి బయల్దేరాక రేడియో నోరు విప్పలేదు.

విమానవాహక నౌకల సంగతి: ఎంటర్‌ప్రైజ్ వేక్ దీవికి ఫైటర్లు దించి వెనక్కి వస్తోంది, దాడికి ముందే రేవులో ఉండాల్సింది, వాతావరణం బాగోక ఆలస్యమైంది. దాని విమానాలు కొన్ని సరిగ్గా దాడి మధ్యలో వచ్చి ఇబ్బంది పడ్డాయి. లెక్సింగ్టన్ మిడ్‌వేకి విమానాలు తీసుకెళ్తోంది. పైగా 1941లో నౌకాదళానికి ప్రాణం అనుకున్నది యుద్ధనౌకల్ని. దాచాలనుకుంటే ఎనిమిది యుద్ధనౌకల్నీ ఎందుకు వదిలేస్తారు?

నిప్పులేనిపొగ
మరి సెప్టెంబర్‌లో టోక్యో నుంచి హొనొలులు కాన్సులేట్‌కి వెళ్ళిన సందేశం? రేవుని ఐదు భాగాలు చేసి ఏ భాగంలో ఏ ఓడ ఉందో చెప్పమన్నారు. అది చదివారు. కిమ్మెల్‌కి చెప్పలేదు. దీనికేమంటారు?

చరిత్రపిచ్చి
అది నిజం. అది పెద్ద తప్పు. కానీ అలాంటి గూఢచర్యం పనామా మీద, ఫిలిప్పీన్స్ మీద కూడా జరుగుతోంది. కుప్పలో ఒక కాగితం అయిపోయింది. తప్పు చేశారంటే ఒప్పుకుంటా, కుట్ర అంటే ఒప్పుకోను.

పాతనౌక
కుట్ర అక్కర్లేదు, ఆదివారం పొద్దున్న చాలు. రేవులో కట్టేసిన ఓడ గురించి బయటివాళ్ళకి తెలియదు. బాయిలర్లు చల్లగా ఉంటాయి, ఆవిరి పట్టాలంటే గంటలు కావాలి, సగం మంది బయట. ఆ రోజు యుద్ధనౌకల్లో కదలగలిగింది ఒక్క నెవాడా.

సంకేతాలు రాలేదా అంటే వచ్చాయి. నవంబర్ 27న వాషింగ్టన్ నుంచి యుద్ధ హెచ్చరిక అన్న మాటతోనే సందేశం వచ్చింది. కానీ అందులో ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్, బోర్నియో పేర్లున్నాయి, హవాయి లేదు. సైన్యం జనరల్ షార్ట్ అది చూసి విధ్వంసకులు వస్తారని భయపడి, కాపలా సులువని విమానాలన్నీ రెక్కకి రెక్క ఆనించి వరసగా నిలబెట్టాడు. 7వ తేదీ తెల్లవారుజామున రేవు ముఖద్వారం దగ్గర వార్డ్ అనే డిస్ట్రాయర్ బుల్లి జలాంతర్గామిని ముంచేసి కబురు చేసింది. పైవాళ్ళు నిర్ధారణ కావాలన్నారు. 7:02కి ఒపానా రాడార్ మీద పెద్ద గుంపు కనపడింది. ఆ కుర్రాళ్ళ డ్యూటీ ఏడింటికే అయిపోయింది, టిఫిన్‌కి తీసుకెళ్ళాల్సిన ట్రక్కు రాక ఇంకా చూస్తూ కూర్చున్నారు. ఫోన్ చేస్తే, కాలిఫోర్నియా నుంచి మన బాంబర్లు రావాలిలే, పట్టించుకోకండి అన్నాడు అవతలి ఆఫీసర్. వాషింగ్టన్‌లో జనరల్ మార్షల్ ఆఖరి హెచ్చరిక పంపితే సైన్యం రేడియో పనిచేయక మామూలు టెలిగ్రాఫ్ కంపెనీ ద్వారా వెళ్ళింది. మోటార్ సైకిల్ మీద కుర్రాడు అది పట్టుకొస్తుంటే పైన బాంబులు పడుతున్నాయి.

వీటిల్లో ఒక్కొక్కటీ మా కొలువులో కూడా జరిగేలాంటిదే. అందుకే నాకు కుట్ర కథలంటే కోపం. 2,403 మంది పోయారు. ఒక్క అరిజోనా అనే యుద్ధనౌకలోనే 1,177 మంది. అందులో రోజుకూలీలా డెక్కు తుడిచే కుర్రాళ్ళు ఉన్నారు.

డల్లాస్_బావ
రెండేళ్ళ కింద మేము హవాయి వెళ్ళినప్పుడు అరిజోనా మీద కట్టిన ఆ తెల్లటి స్మారకం చూశాం. కింద ఓడ కనిపిస్తుంది. ఇప్పటికీ దాని ట్యాంకుల్లోంచి నూనె చుక్కచుక్కగా పైకొచ్చి నీళ్ళ మీద రంగులు తేలుతోంది. మా అమ్మ అది చూసి చేతులు జోడించింది. చమురు గురించి ఇంత వాదన జరుగుతుంటే నాకు అదే గుర్తొస్తోంది.

ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఇంకోటి చెప్పాలి. 1919 పారిస్‌లో జాతుల సమానత్వం అన్న మాట పెట్టమని జపాన్ అడిగితే పెట్టలేదు. 1924లో అమెరికా చట్టం చేసి జపాన్ వాళ్ళ వలసే ఆపేసింది. దాడికి ఇవి నేరు కారణాలు కావు. కానీ మమ్మల్ని సమానంగా చూడరు అన్న మాట అక్కడి సైన్యం చేతికి ఆయుధంలా దొరికింది.

ఓరుగల్లు_పోరి
అవును బావా, గని ఆ సమానత్వం కొరియాల, చైనాల ఎవ్వలికి ఇచ్చిండ్రు? అవమానం నిజమే, సాకు గూడ అయింది.

డల్లాస్_బావ
కాదనను.

ఏలూరు_కుర్రాడు
హల్ నోట్ గురించి అడగాలి. నవంబర్ 26న అమెరికా విదేశాంగ మంత్రి ఇచ్చిన ఆ కాగితంతోనే జపాన్‌కి వేరే దారి లేకుండా పోయిందని చదివాను.

చరిత్రపిచ్చి
అందులో ఉన్నది చైనా, ఇండోచైనాల నుంచి సైన్యాన్నంతా తీసేయమని. చైనా అంటే మంచూరియా కూడా కలిపా అన్నది రాయలేదు. జపాన్ కలిపే చదువుకుంది. కానీ తేదీలు చూడు తమ్ముడూ. పెర్ల్ హార్బర్ దాడి దళాధిపతి నగుమో ఓడలు బయల్దేరింది జపాన్ తేదీ ప్రకారం అదే 26 పొద్దున్న, అంటే వాషింగ్టన్‌లో ఇంకా 25. నోట్ చదివి బయల్దేరలేదు. చర్చలు ఫలిస్తే వెనక్కి పిలుస్తామన్న షరతు మాత్రం ఉంది. ఆఖరి నిర్ణయం డిసెంబర్ 1న చక్రవర్తి ముందు, 2న ఓడలకి సంకేతం.

సముద్రపుగాలి
నాకు అన్నిటికంటే మనసు కలిచేసింది సెప్టెంబర్. 5వ తేదీన చక్రవర్తి హిరోహితో సైన్యాధిపతి సుగియామాని పిలిచి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. దక్షిణాన మూడు నెలలన్నాడు. చైనా పని ఒక నెలలో అయిపోద్దన్నావు, నాలుగేళ్ళైంది కదా అన్నాడు. చైనా లోపల చాలా విశాలం అని సుగియామా అంటే, మరి పసిఫిక్ ఇంకా విశాలం కాదా అని గద్దించాడు. మర్నాడు సమావేశంలో తాత మెయిజీ రాసిన శాంతి కవిత చదివాడు. అయినా ఆపలేదు. అక్టోబర్ పదో తారీఖు నాటికి చర్చలు తేలకపోతే యుద్ధానికి నిర్ణయం అని గడువు ఖాయమైపోయింది.

ఇష్టం లేని చక్రవర్తి, నమ్మకం లేని యమమోటో, రూజ్‌వెల్ట్‌ని కలిసి మాట్లాడతానని బతిమాలిన కొనోయే. అందరూ ఉన్నారు. ఎవరూ ఆపలేదు.

ఓరుగల్లు_పోరి
ఎందుకు ఆపలేదంటే, ఆపాల్నంటే చైనా ఇడిసిపెట్టాలె. గదే గాలె. అక్టోబర్ల కొనోయే, జర వెనుకకు తగ్గుదాం అంటే అప్పటి సైన్య మంత్రి తోజో ససేమిరా అన్నడు. లక్షకు పైన మంది సిపాయిలు సచ్చిన నేల, దాన్ని ఇడిసి ఎట్లొస్తం అని వాళ్ళ వాదన. పైంగ ఆ మంత్రి కొలువుల ఉన్న జనరలే కావాలని 1936ల రూలు మళ్ళ తెచ్చిండ్రు. సైన్యం మనిషిని పంపకపోతే మంత్రివర్గమే కూలుతది. అంతకు ముందే 1932ల ప్రధాని ఇనుకైని యువ నౌకాదళ ఆఫీసర్లు ఇంట్లకొచ్చి కాల్చి సంపిండ్రు, 1936 ఫిబ్రవరిల ఇంకిన్ని హత్యలు. ఎవ్వలు నోరు తెరుస్తరు? కొనోయే దిగిండు, 18న తోజోనే ప్రధాని అయిండు.

అందుకే అంటున్న మాస్టారూ. చమురు కావాల్నంటే దొరుకుతుండె. చైనా నుంచి వాపస్ రావాలె, అంతే. చమురు కోసం కొట్టలే, చైనా ఇడువలేక కొట్టిండ్రు.

లెక్కలమాస్టారు
ఈ మాటకి రాత్రంతా ఆలోచించాను. "చమురు దొరికేది, ధర చైనా" అన్న మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక్కటి వదలను. ఆ ధర అంత ఎక్కువని అమెరికాకి తెలియదా? నవంబర్‌లో జపాన్ ఇచ్చిన రెండో ప్రతిపాదనలో దక్షిణ ఇండోచైనా ఖాళీ చేస్తాం, కొంత చమురు ఇవ్వండి అని ఉంది. హల్ కూడా మూడు నెలల తాత్కాలిక ఒప్పందం ఒకటి తయారుచేసి, చైనా, బ్రిటన్ అభ్యంతరం చెప్పాక పక్కన పెట్టేశాడు. మూడు నెలలు ఆగి ఉంటే మాస్కో ముందు జర్మన్లు ఆగిపోవడం టోక్యో చూసేది. అప్పుడు జర్మనీ గెలుస్తుందన్న నమ్మకంతో దూకేవాళ్ళా?

పాతనౌక
మంచి ప్రశ్న వేశారు మాస్టారు. సోవియట్ ఎదురుదాడి మొదలైంది డిసెంబర్ 5న. రెండు రోజుల తేడా.

కాకినాడ_కాజా
ఒళ్ళు గగుర్పొడిచిందండీ. రెండు రోజులు!

ఏలూరు_కుర్రాడు
జర్మనీతో కలిశారు కదా, మరి రష్యా మీదకి పోకుండా ఇటెందుకు తిరిగారు?

చరిత్రపిచ్చి
1939లో నొమొన్‌హాన్ దగ్గర (మంగోలియా సరిహద్దు) సోవియట్ సేనాని జుకోవ్ చేతిలో చావుదెబ్బ తిన్నారు. 1941 ఏప్రిల్‌లో సోవియట్‌తో తటస్థ ఒప్పందం కుదుర్చుకున్నారు. పైగా సైబీరియాలో వాళ్ళకి అప్పట్లో దొరికే చమురు లేదు.

ప్రశ్నలపుట్ట
యుద్ధ ప్రకటన ఆలస్యంగా అందిందంటారే, అది నిజమా? టైపింగ్ వల్ల అని?

చరిత్రపిచ్చి
వాషింగ్టన్ మధ్యాహ్నం 1 గంటకి ఇవ్వాల్సిన 14 భాగాల సందేశం, రాయబార కార్యాలయంలో టైపు చేయడం తెమలక 2:20 దాటాక ఇచ్చారు. అప్పటికి దాడి మొదలై గంట. కానీ అది సరిగ్గా అందినా యుద్ధ ప్రకటన కాదు, చర్చలు ఇక సాగవు అన్న మాట మాత్రమే ఉంది. పైగా మలయాలో కోట బారులో అంతకు గంట ముందే దిగేశారు. 1904లో పోర్ట్ ఆర్థర్‌లో రష్యా నౌకాదళం మీద కూడా ప్రకటనకి ముందే పడ్డారు.

కాకినాడ_కాజా
మా ఊరి మీద బాంబులేసింది కూడా ఈ నగుమో ఓడలేనా అండీ? 1942 ఏప్రిల్ 6న. మా నాయనమ్మ చెప్పేది, రేవు వైపు పొగ చూసి ఎడ్లబండి కట్టుకుని సామర్లకోట వైపు పోయారట.

సముద్రపుగాలి
కాదండి. విశాఖ, కాకినాడ మీద వచ్చినవి ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి. అది ఒజావా దళం. నగుమో అప్పుడు కొలంబో, ట్రింకోమలీ పని చూస్తున్నాడు, పెర్ల్ హార్బర్ ఆరింటిలో ఐదు ఓడలు అక్కడే ఉన్నాయి, కాగా ఒక్కటే రాలేదు. మా మామ్మ కూడా చెప్పీది. వైజాగ్ ఊరంతా ఖాళీ చేసి ఎవరికి తోచిన పల్లెకి వాళ్ళు పోయారట. ఆ నాటి బాంబు ఒకటి బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉంది.

ఓరుగల్లు_పోరి
రంగూన్ ముచ్చట గూడ ఇందులోనే ఉంది. చైనాకు సామాను పోయే బర్మా రోడ్డు మూసెయ్యాలనే జపాన్ అటు పోయింది. మళ్ళ చైనానే!

సముద్రపుగాలి
అవును. మా తాత తమ్ముడు రంగూన్ రేవులో కూలికి పోయాడు. 1941 డిసెంబర్ 23న బాంబులు పడ్డాక అడవుల్లోంచి నడిచి వచ్చిన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆయన రాలేదు. ఇంట్లో ఇప్పటికీ ఏ తిథికి పెట్టాలో తెలీక మహాలయ అమావాస్యకే పెడతారు.

పాతనౌక
నమస్కారం ఆయనకి.

చమురు మీద ఒక మాట చెప్పి ఆపుతాను. పెర్ల్ హార్బర్‌లో దాదాపు 45 లక్షల పీపాల నూనె నేల మీది ట్యాంకుల్లో ఉంది. జపాన్ ఒక్కటి కూడా ముట్టుకోలేదు. డ్రై డాకులు, జలాంతర్గాముల స్థావరం కూడా వదిలేశారు. అరిజోనా, ఒక్లహోమా తప్ప మిగతా యుద్ధనౌకలు మళ్ళీ పోరాటానికి వచ్చాయి. 1971లో మన మిస్సైల్ బోట్లు కరాచీ మీదకి వెళ్ళినప్పుడు కెమారీ ట్యాంకులు తగలబడ్డాయి, ఆ మంటల విలువ మా సీనియర్లు మాకు పాఠంలా చెప్పేవారు. నూనె కోసమే యుద్ధానికి దిగినవాళ్ళు ఎదుటివాడి నూనె వదిలేశారంటే, వాళ్ళ కళ్ళకి ఓడలే కనపడ్డాయి.

లెక్కలమాస్టారు
ఈ ఒక్క పోస్టుకి నా వాదన సగం పోయింది పాతనౌక గారూ. మిగతా సగం దగ్గర పెట్టుకుంటాను.

ప్రశ్నలపుట్ట
ఈ రాత్రి మళ్ళీ రాశాను. మొదటి వాక్యం ఓరుగల్లు అక్కది: చైనా వదలలేక. రెండో పేరాలో మాస్టారి ఆగస్టు 1, ఓడల నిష్పత్తి. మూడోది హవాయి ఎందుకన్నది, యమమోటో, టరాంటో, కొత్త నౌకలు రెండు. రాక్షసుడి డైలాగు కొట్టేశాను. రేపు సార్‌కి చూపిస్తాను, మార్కులు మార్చమని కాదు. వచ్చే నెల పరీక్షకి వైజాగ్ సెంటర్ పడింది. సముద్రపుగాలి గారూ, ఆ మ్యూజియం పరీక్ష అయ్యాక సాయంత్రం తెరిచి ఉంటుందా?

సముద్రపుగాలి
కనుక్కుని చెప్తాను. వచ్చే ముందు రోజు ఇక్కడ ఒక మాట రాయండి, మా అమ్మాయి కూడా వస్తానంటోంది. మామ్మా వాళ్ళు పారిపోయిన పల్లె దారి కూడా చూపిస్తాం.